కోర్టులో గెలిచినా చేతికి డబ్బు రాదెందుకు? విశాఖ పోర్టులో ఆపేసిన ఓడ చెప్పే లెక్క

అప్పు ఇచ్చారు. తిరిగి రాలేదు. లాయర్‌ని పెట్టుకుని దావా వేశారు. వాయిదాల మీద వాయిదాలు తిరిగి చివరికి గెలిచారు. డిక్రీ కాగితం చేతికొచ్చింది. మరి డబ్బు? అది మాత్రం ఇంకా అవతలివాడి దగ్గరే ఉంది!

ఇదేదో ఒకరిద్దరి బాధ అనుకుంటే పొరపాటే. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్కలు చూస్తే, దేశంలోని జిల్లా స్థాయి కోర్టుల్లో 8 లక్షల 82 వేలకు పైగా ఎగ్జిక్యూషన్ పిటిషన్లు పెండింగ్‌లో ఉన్నాయి. కోర్టు భాషలో వీటినే ఈపీలు అంటారు. అంటే తీర్పు వచ్చేసింది, అమలు మాత్రం కాలేదు. వీటిలో స్థలాల గొడవలు, ఇళ్లు ఖాళీ చేయించే కేసులు కూడా ఉన్నాయి, అన్నీ డబ్బు కేసులే కావు. కానీ గెలిచినవాడి పరిస్థితి మాత్రం అన్నింటిలోనూ ఒక్కటే.

మన రాష్ట్రం సంగతేంటి? ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 68 వేలు. లెక్కలు ఇచ్చిన రాష్ట్రాల్లో మహారాష్ట్ర, తమిళనాడు, కేరళ తర్వాత మనమే.

అసలు సుప్రీంకోర్టు ఈ లెక్కలు ఎందుకు అడిగింది? తమిళనాడులో 1986లో మొదలైన ఒక భూమి కేసు తిరిగి తిరిగి ఢిల్లీ చేరింది. దానిమీద 2025 మార్చి 6న తీర్పు ఇస్తూ, పెండింగ్ ఈపీల వివరాలు సేకరించి ఆరు నెలల్లో వాటిని తేల్చేలా చూడాలని హైకోర్టులన్నింటికీ ఆదేశాలిచ్చింది. ఆ ఆరు నెలల్లో 3 లక్షల 38 వేలకు పైగా తేలాయి. అయినా పైన చెప్పిన కొండ అలాగే మిగిలింది. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ పంకజ్ మిత్తల్ బెంచ్ ఈ అంకెలు చూసి తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేసి, మరో ఆరు నెలలు టైమ్ ఇచ్చింది. డిక్రీ అమలుకే ఏళ్లూ పూళ్లూ పడితే ఆ డిక్రీకి అర్థమే లేదన్నది బెంచ్ మాటల సారాంశం.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కూడా కాదు. ఇండియాలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1872లోనే చెప్పింది. అంటే నూట యాభై ఏళ్లు దాటింది!

అయితే డబ్బు వసూలు విషయంలో ఇదే కోర్టు వ్యవస్థ చకచకా పనిచేసిన కేసు ఒకటుంది. అదీ మన విశాఖ పోర్టులోనే. ఎందుకు అక్కడ పనిచేసింది, పూర్ణా మార్కెట్లో చేబదులు ఇచ్చిన మనిషికి ఎందుకు పనిచేయట్లేదు అని చూస్తే అసలు విషయం అర్థమవుతుంది.

ఎం.వి. ఎలిజబెత్.. విశాఖలో ఏం జరిగింది?

1984 ఫిబ్రవరి 8. గోవాలోని మార్ముగావ్ పోర్టు నుంచి ఎం.వి. ఎలిజబెత్ అనే ఓడ సరుకుతో బయలుదేరింది. ఓడ విదేశీ కంపెనీది. సరుకు ఎక్కించింది హర్వాన్ ఇన్వెస్ట్‌మెంట్ అండ్ ట్రేడింగ్ అనే గోవా కంపెనీ. సరుకు ఎక్కించినందుకు ఇవ్వాల్సిన బిల్ ఆఫ్ లేడింగ్ లాంటి పత్రాలేవీ ఇవ్వకుండానే ఓడ వెళ్లిపోయిందన్నది ఆ కంపెనీ ఆరోపణ. బిల్ ఆఫ్ లేడింగ్ అంటే సరుకు మీద హక్కుకు ఆధారం. లారీ ట్రాన్స్‌పోర్ట్‌లో ఎల్.ఆర్. కాపీ తెలిసినవాళ్లకు ఇది ఈజీగానే అర్థమవుతుంది, కాకపోతే సముద్రం మీద దీని విలువ ఇంకా ఎక్కువ.

కొన్నవాడు ధర చెల్లించలేదు, కాబట్టి సరుకు అప్పగించొద్దని గోవా కంపెనీ చెప్పింది. అయినా అవతలి దేశంలో సరుకు దించి అతనికే ఇచ్చేశారు. సరుకూ పోయింది, డబ్బూ పోయింది.

ఇప్పుడు ఈ గోవా కంపెనీ ఎవరి మీద కేసు వేయాలి? ఓడ యజమాని విదేశంలో ఉన్నాడు. ఇక్కడ ఆఫీసు లేదు, ఇల్లు లేదు, బ్యాంకు ఖాతా లేదు. ఇక్కడ గెలిచినా ఆ డిక్రీ పట్టుకుని ఏ దేశం వెళ్లి ఎవరి తలుపు తట్టాలి?

సరిగ్గా అప్పుడే ఆ ఓడ మన దగ్గరకొచ్చింది. విదేశీ పోర్టులు తిరిగి 1984 ఏప్రిల్ 13న విశాఖపట్నం పోర్టులోకి అడుగుపెట్టింది. గోవా కంపెనీ అప్పటికే ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించింది. కోర్టు ఆర్డర్‌తో ఓడను పోర్టులోనే అరెస్ట్ చేశారు. అవును, మనిషిని కాదు, ఓడనే! దీన్ని అడ్మిరాల్టీ కేసు అంటారు. ఇందులో ఓడే ప్రతివాది. యజమాని ఎవరో, ఎక్కడున్నాడో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. కోర్టు ఆర్డర్ పోర్టు అధికారులకు చేరితే చాలు, ఓడకు బయలుదేరడానికి క్లియరెన్స్ ఉండదు. క్లియరెన్స్ లేకుండా డాల్ఫిన్స్ నోస్ దాటి బయటకు పోవడం అంత తేలిక కాదు.

ఇక యజమాని ఏం చేస్తాడు? ఆగిన ఓడ రోజూ డబ్బు తింటుంది. సిబ్బంది జీతాలు, ఇంధనం, పోర్టు చార్జీలు, తర్వాతి సరుకు బుకింగ్ పోవడం.. అన్నీ అతని నెత్తినే. అందుకే అప్పటిదాకా కనిపించని యజమాని వెంటనే కోర్టుకొచ్చాడు. 14 లక్షల 25 వేల రూపాయలకు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఓడను విడిపించుకున్నాడు. అభ్యంతరం తెలుపుతూనే ఇచ్చాడు, కానీ ఇచ్చాడు.

అసలు పోరాటం ఆ తర్వాతే మొదలైంది. ఈ కేసు వినే అధికారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు లేదన్నది ఓడ వాళ్ల వాదన. అప్పటికి మన దగ్గర అమల్లో ఉన్నవి 1861, 1890, 1891 నాటి బ్రిటిష్ కాలపు చట్టాలు. 1861 చట్టం ప్రకారం పోర్టులోకి వచ్చే సరుకు గురించి కేసు వేయొచ్చు గానీ, బయటకు వెళ్లిన సరుకు గురించి కాదని వాదించారు. మద్రాసు హైకోర్టు వారసత్వంగా మన హైకోర్టుకు వచ్చిన అధికారం కూడా ఆ గీత దాటదన్నారు.

1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. జస్టిస్ థొమ్మన్, జస్టిస్ సహాయ్ ఇచ్చిన ఆ తీర్పు ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం. స్వతంత్ర దేశపు హైకోర్టుల అధికారం 1861 దగ్గరే గడ్డకట్టుకుపోదని, అన్యాయం జరిగినవాడికి పరిహారం ఇచ్చే సహజ అధికారం వాటికి ఉందని తేల్చింది. పాత చట్టాలు మార్చాల్సిన అవసరాన్ని కూడా గుర్తుచేసింది. పార్లమెంట్ కాస్త తీరిగ్గానే స్పందించింది లెండి. కొత్త అడ్మిరాల్టీ చట్టం 2017లో వచ్చింది, 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు ఒక్కసారి తేదీలు చూడండి. ఓడ ఆగింది 1984లో. అధికారం ఉందా లేదా అన్న ప్రశ్న తేలింది 1992లో. మధ్యలో దాదాపు ఎనిమిదేళ్లు. కోర్టు ఇక్కడ కూడా స్పీడ్‌గా ఏమీ లేదు! తేడా ఎక్కడంటే, ఆ ఎనిమిదేళ్లూ బ్యాంకు గ్యారంటీ కోర్టు చేతిలో ఉంది. చకచకా జరిగింది తీర్పు కాదు, డబ్బుకు పట్టు దొరకడం. వాదన ఎన్నేళ్లు సాగినా ఆ పట్టు జారలేదు.

ఈ పట్టు ఎవరెవరికి ఉంటుంది?

ఓడ మీద బాకీ అంటే పెద్ద కంపెనీల వ్యవహారమే అనుకోవద్దు. 2017 చట్టం ప్రకారం ఓడ మీద మొట్టమొదటి హక్కు సిబ్బంది జీతాలదే. కోట్ల రూపాయల సరుకు క్లెయిమ్ కన్నా ముందు ఖలాసీ జీతం బాకీ వస్తుంది. మిగతా ఇలాంటి హక్కులకు ఏడాది గడువైతే, జీతాలకు రెండేళ్లు. ఆ ఓడ దొరక్కపోతే అదే యజమానికి చెందిన ఇంకో ఓడను ఆపమని అడగడానికీ వీలుంది. విశాఖ నుంచి మర్చంట్ నేవీలోకి వెళ్తున్న కుర్రాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఈ సంగతి వాళ్ల ఇళ్లల్లో తెలిసి ఉండటం మంచిది.

అలాగని ఎవరుపడితే వాళ్లు ఓడలు ఆపేయడానికి లేదు. అన్యాయంగా ఆపించారని తేలితే నష్టపరిహారం కడతామని హామీ ఇవ్వమని కోర్టు ముందే అడగొచ్చు.

ఇక ఒడ్డుకు వద్దాం. మీ పక్కింటాయనకు ఐదు లక్షలు ఇచ్చారు. ప్రాంసరీ నోటు రాయించుకున్నారు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించారు, సాక్షి సంతకం కూడా ఉంది. అతను ఎగ్గొట్టాడు. ఓడను ఆపినట్టు అతని కారునో, ఫ్లాటునో కేసు వేసిన రోజే ఆపించొచ్చా?

చట్టంలో దారి ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 38, రూల్ 5. తీర్పు రాకముందే ఆస్తి జప్తు అని లాయర్లు చెప్పేది ఇదే. కానీ తలుపు చాలా ఇరుకు. అప్పు ఉందని చూపిస్తే సరిపోదు. రేపు వచ్చే డిక్రీని ఎగ్గొట్టే ఉద్దేశంతో అతను ఆస్తి అమ్మేస్తున్నాడనో, కోర్టు పరిధి దాటించేస్తున్నాడనో కోర్టును నమ్మించాలి. హామీ లేని అప్పును హామీ ఉన్న అప్పుగా మార్చుకోవడానికి ఈ రూల్‌ని వాడుకోవద్దని 2008లో రామన్ టెక్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

న్యాయంగా చూస్తే ఇందులో తప్పు పట్టడానికేం లేదు. దావా వేసిన ప్రతివాడూ ఎదుటివాడి ఇంటికి తాళం వేయించగలిగితే, తప్పుడు నోట్లు సృష్టించేవాళ్ల పంట పండేది. ఓడ సాయంత్రానికి దేశం దాటిపోతుంది, ఇల్లు ఎక్కడికీ పోదు కదా అన్నది లాజిక్. కానీ ఇల్లు కదలకపోయినా దాని మీద పేరు మారిపోతుంది! కేసు నోటీసు అందిన వారానికే ఫ్లాటు బావమరిది పేరు మీదకి గిఫ్ట్ డీడ్ అయిపోయిన కథలు ఏ కోర్టు క్యాంటీన్‌లో కూర్చున్నా వినిపిస్తాయి. అప్పులవాళ్లను మోసం చేయడానికి చేసిన బదిలీని రద్దు చేయమని అడగడానికీ చట్టం ఉంది. కాకపోతే అది మళ్లీ ఇంకో పోరాటం.

అందుకే ఆర్డర్ 38 వేయాలంటే ఉత్తి అనుమానం సరిపోదు. అమ్మకం ప్రకటన, బ్రోకర్‌తో చాటింగ్, అగ్రిమెంట్ జరిగిందన్న ఆధారం, తాజా ఈసీ.. ఇలాంటివి దావాతో పాటే పెట్టాలి. చాలామంది లాయర్ ఫీజు గురించి వంద ప్రశ్నలు అడుగుతారు గానీ, ఎదుటివాడి పేరు మీద అసలు ఏముందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక్కసారి కూడా చూసుకోరు.

చెక్కు ఉంటే సీన్ మారుతుంది

నోటుతో పాటు చెక్కు తీసుకునే అలవాటు మన దగ్గర బాగా ఉంది. దానికి కారణం ఉంది. చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు. బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, అందిన 15 రోజుల్లో అతను కట్టాలి, కట్టకపోతే తర్వాతి నెలలోపు కేసు వేయాలి. ఈ లెక్క తప్పితే కేసు బలహీనపడినట్టే. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా పడొచ్చు.

పట్టు సంగతి చూస్తే, 2018 సవరణ ఇక్కడ ముఖ్యం. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు వచ్చింది. శిక్ష పడ్డాక అప్పీల్‌కి వెళ్తే కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని పై కోర్టు ఆదేశించొచ్చు. ఓడకు ఇచ్చిన బ్యాంకు గ్యారంటీతో పోలిస్తే చిన్నదే, కానీ ఉత్తి నోటు పట్టుకున్నవాడికి అదీ లేదు.

2025 సెప్టెంబర్ 25న సుప్రీంకోర్టు ఇంకో మంచి స్పష్టత ఇచ్చింది. 20 వేలకు మించి నగదు రూపంలో అప్పు ఇస్తే ఆదాయపు పన్ను నిబంధన ఉల్లంఘన అవుతుంది కాబట్టి, ఆ బాకీకి ఇచ్చిన చెక్కు చెల్లదని అంతకుముందు కేరళ హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. పన్ను శాఖ పెనాల్టీ వేస్తే వేస్తుంది, అప్పు మాత్రం అప్పేనని చెప్పింది. సమన్లు ఫిర్యాదుదారుడే స్వయంగా అందించేలా, వాట్సాప్, ఈమెయిల్ ద్వారా కూడా పంపేలా అదే తీర్పులో మార్గదర్శకాలు ఇచ్చింది. 'అడ్రస్‌లో లేరు' అని కవరు తిరిగొచ్చే సినిమా ఇకనైనా తగ్గుతుందేమో చూడాలి.

గాజువాక ఆటోనగర్ వాళ్లకు వేరే దారి

స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, రిఫైనరీ చుట్టూ బతికే చిన్న యూనిట్లు విశాఖలో లెక్కలేనన్ని. ఫ్యాబ్రికేషన్, వాల్వులు, రిపేర్లు.. పని అయిపోతుంది, బిల్లు మాత్రం ఆగిపోతుంది. వీళ్లకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. కొనుగోలుదారు ఎంత పెద్ద సంస్థ అయినా, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది.

ఈ చట్టంలో అందరూ వడ్డీ గురించే మాట్లాడతారు. నన్నడిగితే అసలు బలం సెక్షన్ 19లో ఉంది. కౌన్సిల్ ఇచ్చిన అవార్డును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం డబ్బు డిపాజిట్ చేయాల్సిందే. అంటే ఎలిజబెత్ ఓడ కేసులో లాగే, ముందు డబ్బు పెట్టు, తర్వాత వాదించు! కేసు సాగదీస్తే లాభం అనుకునే పెద్ద సంస్థల అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కి ఈ ఒక్క సెక్షన్ చాలు లెక్క మార్చుకోవడానికి. అయితే పని ఒప్పుకోకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఉండటం సేఫ్. తర్వాత చేయించుకుంటే పాత బిల్లులకు వర్తిస్తుందా అన్నదానిమీద సుప్రీంకోర్టులోనే భిన్నమైన అభిప్రాయాలు వచ్చి, విషయం పెద్ద బెంచ్ దగ్గరకు వెళ్లింది.

మామూలు వ్యాపార బాకీ 3 లక్షలు దాటితే విశాఖలోనే ఉన్న కమర్షియల్ కోర్టుకు వెళ్లొచ్చు. అర్జెంట్ ఆర్డర్ అవసరం లేని కేసైతే ముందు మీడియేషన్‌కి వెళ్లడం తప్పనిసరి.

డిక్రీ వచ్చాక ఏం పట్టుకోవచ్చు?

ఇక ఏ పట్టూ లేకుండా డిక్రీ వచ్చినవాళ్ల సంగతి. ఈపీ వేశాక జప్తు చేయమని అడగొచ్చు గానీ, అన్నీ జప్తు కావు. కులవృత్తి పనిముట్లు, మంగళసూత్రం లాంటివి, రైతు నివసించే ఇల్లు.. వీటి జోలికి వెళ్లకూడదు. పీఎఫ్, గ్రాట్యుటీ ముట్టుకోకూడదు.

ఉద్యోగుల ఊరు కదా, విశాఖలో అందరి కళ్లూ పడేది జీతం మీదే. దీని లెక్క చాలామందికి తెలియదు. కొన్ని అలవెన్సులు పక్కన పెట్టాక వచ్చే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ఉద్యోగివే. మిగతా మూడో వంతే జప్తుకు దొరుకుతుంది. ఉదాహరణకు లెక్కకొచ్చే జీతం 61 వేలు అనుకుందాం. వెయ్యి తీసేస్తే 60 వేలు, అందులో మూడో వంతు 20 వేలు. నెలకు 20 వేలు వస్తుంది, బాగానే ఉంది కదా అంటారా? ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి జీతం జప్తు చేయడానికి లేదు. అంటే ఈ లెక్కన గరిష్ఠంగా 4 లక్షల 80 వేలు. మీ డిక్రీ 10 లక్షలైతే మిగతాదానికి వేరే ఆస్తి వెతుక్కోవాల్సిందే. పైగా అతను వచ్చే ఏడాదే రిటైర్ అవుతుంటే? జీతమే ఉండదు. పెద్ద కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగి కదా, ఎక్కడికి పోతాడులే అని అప్పిచ్చేవాళ్లు రిటైర్మెంట్ తేదీ కూడా కనుక్కుంటే మేలు.

మరి జైల్లో పెట్టించొచ్చా? కామెంట్లలో ఎక్కువమంది అడిగేది ఇదే. డబ్బు ఉండి కూడా కావాలని కట్టట్లేదని రుజువైతే సివిల్ జైలుకు పంపొచ్చు. 5 వేలు దాటిన డిక్రీకి గరిష్ఠంగా మూడు నెలలు. మహిళలను డబ్బు డిక్రీ కింద అరెస్ట్ చేయకూడదు. చేతిలో నిజంగా చిల్లిగవ్వ లేనివాడిని బాకీ ఉన్నాడన్న ఒక్క కారణంతో జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. ఇక్కడో చేదు నిజం ఉంది. అతను జైల్లో ఉన్నన్ని రోజులూ తిండి ఖర్చు కట్టాల్సింది అప్పిచ్చిన మీరే! బయటకొచ్చాక బాకీ మాఫీ కాదు, కానీ అదే డిక్రీ మీద మళ్లీ అరెస్ట్ చేయించడం కుదరదు. అందుకే లాయర్లు అరెస్ట్ వారెంట్‌ని చివరి అస్త్రంగా, అదీ ఎక్కువగా భయపెట్టడానికే వాడతారు.

అంతకన్నా పదునైన ఆయుధం ఒకటి మూలన పడి ఉంటుంది. ఆర్డర్ 21, రూల్ 41. డిక్రీ వచ్చి 30 రోజులైనా కట్టకపోతే, నీ ఆస్తులేంటో నువ్వే అఫిడవిట్ రూపంలో చెప్పు అని కోర్టు ద్వారా బాకీదారుణ్ణి అడిగించొచ్చు. ఆ ఆర్డర్‌ని ధిక్కరిస్తే మూడు నెలల దాకా జైలు. వెతికే భారం మన నెత్తి మీద నుంచి అతని నెత్తి మీదకి మారుతుంది. 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లి, డబ్బు దావాల్లో అవసరమైతే ఆస్తుల వివరాలు, సెక్యూరిటీ ముందుగానే అడగాలని, ఈపీలు ఆరు నెలల్లో తేల్చాలని కింది కోర్టులకు చెప్పింది. తర్వాత నాలుగేళ్లకు అదే సుప్రీంకోర్టు పెండింగ్ లెక్కలు తెప్పించుకుని షాక్ అవ్వాల్సి వచ్చిందంటే, ఆ ఆదేశం కింది దాకా ఎంత దిగిందో అర్థం చేసుకోవచ్చు. తీర్పుకు ముందు కోర్టు ఆచితూచి అడుగేయడంలో అర్థముంది. తీర్పు వచ్చాక కూడా అమీనాకి తేదీ దొరకడానికి నెలలు పట్టడంలో ఏ అర్థమూ లేదు.

'ఐపీ పెట్టాడు' అంటే అంతా అయిపోయినట్టేనా?

మన జిల్లాల్లో ఈ మాట వినని వ్యాపారి ఉండడు. అప్పులవాళ్లు మీద పడుతుంటే బాకీదారుడు కోర్టులో దివాలా పిటిషన్ వేయడమే ఐపీ పెట్టడం. మామూలు వ్యక్తుల విషయంలో ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే నడుస్తోంది. పిటిషన్ వేసినంత మాత్రాన బాకీ ఎగిరిపోదు. కోర్టు దివాలాగా ప్రకటిస్తేనే అప్పులవాళ్ల చేతులు కట్టేసినట్టవుతుంది. అప్పుడు కూడా అంతకుముందు రెండేళ్లలో బంధువులకు ఉచితంగా రాసిచ్చిన ఆస్తుల్ని వెనక్కి లాగే వీలుంది. చాలామంది ఐపీ నోటీసు రాగానే 'పోయిందిలే' అని కోర్టుకే వెళ్లరు. ఎగ్గొట్టేవాడికి కావాల్సింది కూడా సరిగ్గా అదే. నోటీసు వస్తే హాజరవ్వండి, అభ్యంతరం చెప్పండి.

తేదీ దాటితే ఎవరూ ఏం చేయలేరు

నోటు మీద దావాకి గడువు మూడేళ్లు. ఆ తర్వాత కాలదోషం పట్టినట్టే. మధ్యలో కొంత చెల్లిస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. కానీ ఒక్క కండిషన్. నోటు వెనక రాసే చెల్లు అతని చేతిరాతతో గానీ, అతని సంతకంతో గానీ ఉండాలి. మీరే రాసుకుని దాచుకుంటే పనికిరాదు. అదీ పాత గడువు ముగిసేలోపే జరగాలి. గడువు దాటిపోయాక కూడా అతను కట్టేస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. ఎవరు పెడతారు అంటారా.. మొహమాటానికి పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫోన్‌పేలో పంపిన డబ్బుకైతే స్టేట్‌మెంట్ సాక్ష్యమే, కానీ అది అప్పు అని తెలిపే ఒక్క మెసేజ్ అయినా ఉండాలి. లేకపోతే 'అది గిఫ్ట్', 'నాకు రావాల్సిన బాకీ తీర్చాడు' అనేస్తారు.

వడ్డీ మీద కూడా పెద్ద ఆశలొద్దు. నోటులో వందకు మూడు రూపాయలు రాసుకున్నా, డిక్రీ తేదీ తర్వాత మామూలు అప్పులకు కోర్టు ఇచ్చేది ఏడాదికి 6 శాతం లోపే. వ్యాపార లావాదేవీలకైతే ఎక్కువ రావొచ్చు. అందుకే అసలు పదేళ్లు కోర్టులో నానడం కన్నా లోక్ అదాలత్‌లో కొంత తగ్గించుకుని రాజీ పడటం చాలాసార్లు లాభమే. కేసు వేయకముందే కూడా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, అప్పీల్ లేదు. అప్పటికే కోర్టులో ఉన్న కేసైతే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది. రాజీ పడేటప్పుడు వాయిదాలకు ఒప్పుకుంటే మాత్రం ప్రతి వాయిదాకి తేదీ, తప్పితే మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు అవార్డులోనే రాయించుకోండి. మొదటి వాయిదా అదే రోజు చేతిలో పెట్టించుకుంటే ఇంకా మంచిది.

చివరగా, డిక్రీ ఎప్పుడో వచ్చింది, బీరువాలోనే ఉండిపోయింది, ఇప్పుడు పనికొస్తుందా అని అడిగేవాళ్ల కోసం. డబ్బు డిక్రీని 12 ఏళ్లలోపు అమలు చేయించుకోవచ్చు. అప్పుడు ఆస్తి లేనివాడు ఇప్పుడు మధురవాడలో ఫ్లాటు కొని ఉండొచ్చు. తేదీ చూసుకుని, ముందు అతని పేరు మీద ఈసీ తీయించి, అప్పుడు లాయర్ దగ్గరకి వెళ్లండి.